కోనసీమ పంటలు: ఉప్పునీటి పొరుగున కొబ్బరి

గౌతమి, వశిష్ఠ పాయలకూ బంగాళాఖాతానికీ నడుమ ఏర్పడిన ఒండ్రునేల కోనసీమ. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాల్వనీరు అందిన పిమ్మట ఇక్కడ వరిసాగు విస్తరించింది. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆత్రేయపురం పూతరేకులు, రావులపాలెం అరటి, వరదకాలంలో నదికి ఎదురీదే పులస ఈ సీమ ప్రత్యేకతలు. అయితే సీమకు ఆధారం కొబ్బరియే.

కొబ్బరిలోనూ కురిడీకి ప్రత్యేక స్థానం ఉన్నది. ముదిరిన కాయలను ఒలవకుండా ఎనిమిది, పది నెలలు నిల్వ ఉంచితే లోపలి నీరు ఇంకి, గుడ్డు చిప్పనుండి విడివడుతుంది. దీనికి యంత్రమేదీ అక్కరలేదు. ఓపిక కావాలి, సరుకును అంతకాలం ఆపుకోగల స్తోమత కావాలి. చిన్న రైతుకు ఈ రెండవదే కరవు.

ముమ్మిడివరం వంటి తీర మండలాలలో అసలు చిక్కు నీటితో వచ్చినది. మురుగు సాగకపోవడం, పెట్టుబడి పెరగడం, ధర గిట్టకపోవడం వంటి కారణాలతో 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం పాటించారు. పల్లపు వరిచేలు పలుచోట్ల రొయ్యల చెరువులైనవి. చెరువు యజమానికి ఆదాయం కనబడుతుంది. ఊట ఉప్పు మాత్రం పొరుగుచేనికి చేరుతుంది. నేల సంతృప్త ద్రావణపు లవణ సూచిక 3 డెసిసైమన్లు దాటితే వరి దిగుబడి తగ్గనారంభిస్తుంది. అరటి అంతకంటె సుకుమారం.

కొబ్బరి ఉప్పును ఓర్చునన్నది నిజమే గాని, ఆ మాటను అతిగా నమ్మరాదు. కడలి ఒడ్డున పోటుపాట్లతో కదిలే నీరు వేరు, తోటలో నిలిచిన ఉప్పునీరు వేరు. నిలిచిన నీటిలో వేళ్లకు ఊపిరాడదు. పైగా నష్టం వెంటనే బయటపడదు. పూగుత్తి మొవ్వులో రూపుదిద్దుకొన్న నాటినుండి కాయ కోతకు వచ్చుటకు దాదాపు 44 నెలలు పడుతుంది. నేటి ఉప్పు దెబ్బ మూడేళ్ల తరువాతి దింపులలోనూ కనబడవచ్చును. అప్పటికి చెరువు కౌలు చేతులు మారి ఉండవచ్చును.

కనుక పక్కన చెరువు తవ్వుచున్నప్పుడే తోట మట్టిని పరీక్షింపజేయుట మేలు. పాలచౌడుకు జిప్సం వేయుట వృథా ఖర్చు. అది కారుచౌడుకు మందు. పాలచౌడుకు కావలసినది మంచినీటితో కడుగుట, ఆ నీరు పోవు దారి. చెరువుగట్టుకూ తోటకూ మధ్య లోతైన బోదె తీసి మురుగుకాల్వకు కలుపవలెను, పంటకాల్వకు ఎన్నడూ కాదు. వేసవిలో పోటునీరు మురుగుకాల్వలోనికి ఎగదన్నకుండ దాని మొగను తలుపు ఉండవలెను.