యాంగర్ (ఆంగ్ల పదము)

యాంగర్ అనునది ఆంగ్ల భాషలో కోపము, క్రోధము అను అర్థములనిచ్చు పదము. ఇది నామవాచకముగాను, 'కోపము తెప్పించు' అను అర్థములో క్రియగాను వాడబడుచున్నది. దీని విశేషణ రూపము యాంగ్రీ. నేడు ఈ పదమునకు కోపమే ప్రధానార్థమైనను, మొదట దీని అర్థము దుఃఖము, బాధ.

వ్యుత్పత్తి

ఈ పదము ప్రాచీన నార్స్ భాషలోని 'అంగ్ర్' (దుఃఖము, వేదన) అను పదము నుండి వచ్చినది. క్రీ.శ. 793లో లిండిస్‌ఫార్న్ మఠముపై వైకింగుల దాడి జరిగెను. 9వ శతాబ్దపు ఉత్తరార్ధములో డెన్మార్కు, నార్వే ప్రాంతముల వారు ఇంగ్లాండు ఉత్తర, తూర్పు భాగములలో స్థిరపడిరి. వారి భాష నుండి ఎగ్, నైఫ్, విండో వంటి నిత్యవ్యవహార పదములతో పాటు ఈ పదము కూడ ఆంగ్లములో చేరినది.

నార్స్ పదమునకు మూలము ఇండో-యూరోపియన్ భాషా కుటుంబములోని 'ఇరుకు, బిగించుట' అను అర్థముగల ధాతువు అని భాషా శాస్త్రజ్ఞుల నిర్ణయము.

అర్థ పరిణామము

1200 ప్రాంతమున ఆంగ్లములో ఈ పదము కష్టము, వేదన అను అర్థములలో వాడబడినది. 14వ శతాబ్దము నాటికి ఆ వేదన వలన కలుగు కోపమును సూచించుట మొదలై, క్రమముగా పాత అర్థము మరుగున పడినది. అయితే ఎర్రబడి వాచిన పుండును నేటికీ ఆంగ్లములో 'యాంగ్రీ' అని వర్ణించుదురు. ఇందులో పాత అర్థపు జాడ కనిపించును.

స్వీడిష్, నార్వేజియన్ భాషలలో ఇదే మూలము నుండి వచ్చిన పదమునకు పశ్చాత్తాపము అని అర్థము. అనగా ఒకే పదము ఒకచోట ఇతరులపై కోపముగాను, మరియొకచోట తన తప్పుపై తనకు కలుగు బాధగాను మారినది.

సోదర పదములు

* ఆంగ్ష్ట్ (జర్మన్): భయము
* యాంగ్జైటీ, యాంగ్విష్: ఆందోళన, తీవ్ర వేదన. ఇవి లాటిన్ నుండి వచ్చినవి.
* యాంజైనా: గుండెను పిండినట్లుండు నొప్పి. 1768లో విలియం హెబర్డెన్ ఈ వ్యాధిని వర్ణించి యాంజైనా పెక్టోరిస్ అని పేరు పెట్టెను.
* అంహస్ (సంస్కృతము): ఋగ్వేదములో ఇరుకు, ఆపద, తరువాతి కాలములో పాపము. తెలుగులోని 'అంహస్సు' దీని తత్సమము.

ఆంగ్లములో కోపమునకు ఇతర పదములు

'రాథ్' ప్రాచీన ఆంగ్ల పదము. 'ఐర్', 'ఫ్యూరీ', 'రేజ్' అనునవి లాటిన్ నుండి ఫ్రెంచి ద్వారా వచ్చినవి. రేజ్ అను పదమునకు, పిచ్చికుక్క కాటు వలన వచ్చు రేబిస్ వ్యాధి పేరునకు మూలము ఒక్కటే. ఆకలి వలన కలుగు చిరాకును తెలుపు 'హ్యాంగ్రీ' అను పదము 2018లో ఆక్స్‌ఫర్డ్ ఆంగ్ల నిఘంటువులో చేర్చబడినది.

తెలుగుతో పోలిక

తెలుగులోని 'కోపము' సంస్కృతము నుండి వచ్చినది. దీని ధాతువు 'కుప్' నకు కదలుట, ఉద్రేకించుట అని అర్థము. ఆయుర్వేదములో దోషములు వికారము చెందుటను ప్రకోపము అనుటలో ఈ అర్థము నిలిచియున్నది. అలుక, కినుక అనునవి తెలుగు పదములు. ఆంగ్ల పదము బిగింపు నుండి, సంస్కృత పదము కదలిక నుండి పుట్టినను, రెండును శరీరమునకు తెలియు అనుభవమునుండియే మనసులోని కోపమునకు పేరైనవి.