షెడ్డు పక్కన ఏ చెట్టు పెడదాం?



మన పురుగులకు 24 నుంచి 28 డిగ్రీల వేడి చాలు. ఎండాకాలంలో షెడ్డు కాగిపోతే పంట పోయినట్టే. చెట్ల నీడ ఉంటే కొంత తట్టుకుంటాం. అయితే ఏ చెట్టు?

2016 డిసెంబర్ 12న వార్దా తుపానుకు చెన్నైలో వేల చెట్లు కూలాయి. తురాయి లాంటి బయటి జాతులే ఎక్కువగా పడ్డాయి. అదే ఊళ్లో చెత్త, మురుగు నిండిన 58 ఎకరాల అడయార్ పూంగాను ఆ నేల చెట్లతోనే బాగుచేసి 2011లో తెరిచారు. బడిపిల్లలకు అక్కడే పర్యావరణ పాఠాలు. పుదుచ్చేరి దగ్గర సాధనా ఫారెస్ట్‌లోనూ 2003 నుంచి వాలంటీర్లు గట్లు, కందకాలతో వాననీటిని ఇంకిస్తూ స్థానిక మొక్కలే పెంచుతున్నారు.

మనమూ ఇలా చేద్దాం:

1. షెడ్డుకు పడమర వేప, కానుగ, నేరేడు. కొమ్మ విరిగినా కప్పు మీద పడనంత ఎడంగా పెట్టాలి.

2. మల్బరీ తోట మీద నీడ పడకూడదు, ఆకు దిగుబడి తగ్గుతుంది.

3. తొలకరికి ముందే గుంత తీసి, వాననీరు నిలిచేలా పాదు కట్టాలి.

4. మొదటి రెండు ఎండాకాలాలు నీళ్లు తప్పనిసరి. ఎండాకులు పరిస్తే తేమ ఆగుతుంది.

నీళ్లు పోసే పని ఇంట్లో పిల్లలకు అప్పజెబుదాం. తాము పెంచిన చెట్టును వాళ్లు రేపు ఎవరినీ నరకనివ్వరు.