కూరగాయల రసం: ఇంటిదా, సీసాదా?

పచ్చి కాయను దంచి, వస్త్రంలో పిండిన రసమే స్వరసం. ఇది గురువైనది కనుక మోతాదు అర్ధపలమేనని, అనగా సుమారు 24 మిల్లీలీటర్లని, శార్ఙ్గధర సంహిత విధించింది.

అంగడి సీసాలోని రసాన్ని నిలువ కొరకు సాధారణంగా వేడిచేస్తారు. 'సి' విటమిను కొంత నశిస్తుంది. ఉప్పు కలిపినవీ ఉంటాయి. రక్తపోటు గలవారు చీటీ చదవనిదే కొనరాదు. తాజాగా తీసిన ఇంటి రసమే మేలు.

అయితే ఇంటిదల్లా నిరపాయం కాదు. 2010లో ఢిల్లీలో సొరకాయ రసాన్ని కాకర రసంతో కలిపి త్రాగిన ఒక శాస్త్రవేత్త మరణించారు. సొరకాయ చేదైతే అందు కుకుర్బిటాసిన్ అనే విషమున్నట్లే. కాకర చేదులో అది తెలియదు. కావున రెండూ కలపరాదు. రసం తీసే ముందు చిన్న ముక్క రుచి చూడండి. చేదైతే ఉమ్మివేసి, కాయను పారవేయండి. త్రాగిన పిదప వాంతులు, విరేచనాలు, కడుపునొప్పి కలిగితే గృహవైద్యంతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.