డి డ్రైవ్ అంటే రెండో డిస్క్ కాదు

ఇంట్లో కంప్యూటర్ ఉన్న చాలామందికి ఒక ధీమా ఉంటుంది. పెళ్లి ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్ల స్కాన్‌లు, ఇంటి దస్తావేజులు అన్నీ ‘డి’లో పెట్టేశాం కదా, ఇక ‘సి’కి ఏమైనా భయం లేదని. అందులో సగం నిజమే. విండోస్ పాడై ‘సి’ని ఫార్మాట్ కొట్టినా ‘డి’ జోలికి ఎవరూ పోరు. కానీ చాలా ఇళ్లలో ఆ రెండూ ఒకే డిస్క్‌లోని వాటాలు. ఒకే ఇంటికి నడుమ గోడ లేపి రెండు పోర్షన్లు చేసినట్టు. పునాది కుంగితే రెండూ కూలతాయి.

నిజంగా రెండో డిస్క్ పెట్టించుకునే వాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. కారణం భద్రత కాదు, విసుగు. స్విచ్ వేసి, టీ పెట్టుకుని వచ్చినా పాత కంప్యూటర్ తెరుచుకోదు. లోపలున్న హార్డ్‌డిస్క్‌లో పళ్లేలు సాధారణంగా నిమిషానికి 7200 సార్లు తిరుగుతుంటాయి. వాటిమీద చదివే ముల్లు అటూ ఇటూ పరిగెత్తాలి. ఒక్కో చోటు వెతకడానికి సుమారు 10 మిల్లీసెకన్లు. వినడానికి తక్కువే, కానీ విండోస్ లేవాలంటే వేల చిన్నచిన్న ఫైళ్లు కావాలి. కొత్త రకం డిస్క్ అయిన ఎస్‌ఎస్‌డీలో తిరిగేదేమీ ఉండదు కాబట్టి ఆ వెతుకులాటే లేదు. అందుకే ఇంటి కంప్యూటర్‌కు చక్కగా కుదిరే ఏర్పాటు ఇది: విండోస్, సాఫ్ట్‌వేర్లు చిన్న ఎస్‌ఎస్‌డీలో, సినిమాలు, ఫొటోలు పాత హార్డ్‌డిస్క్‌లో.

ఒకప్పుడు ఈ పని పెద్ద తతంగం. నడికట్టులాంటి వెడల్పాటి ఐడీఈ కేబుల్‌కు రెండు డిస్క్‌లు తగిలించి, వెనక గోరంత జంపర్‌తో ఏది మాస్టరో, ఏది స్లేవో చెప్పాల్సి వచ్చేది. రెండింటినీ మాస్టర్ చేస్తే ఒక్కోసారి రెండూ కనిపించేవి కావు. 2003లో సాటా డిస్క్‌లు మార్కెట్లోకి వచ్చాక ఆ గొడవ తీరింది. ఒక్కో డిస్క్‌కు ఒక్కో సన్నని కేబుల్. దాని మూతి ఇంగ్లిషు ‘ఎల్’ అక్షరంలా ఉంటుంది, తిరగేసి పెడితే ఎక్కదు. బలవంతం చేస్తే మాత్రం ప్లాస్టిక్ విరుగుతుంది. కేబినెట్ తెరిచేముందు ప్లగ్ పీకి, చేత్తో కేబినెట్ ఇనుమును ఒకసారి తాకితే ఒంట్లోని స్టాటిక్ కరెంటు అందులోకి పోతుంది.

బిగించడం కంటే ఆ తర్వాతే తప్పులు జరుగుతాయి. కొత్త ఎస్‌ఎస్‌డీలో విండోస్ ఎక్కించేటప్పుడు పాత డిస్క్ కేబుల్ పీకి పక్కన పెట్టాలి. లేదంటే విండోస్ కొత్తదాంట్లోకి వెళ్లినా, కంప్యూటర్‌ను లేపే బూట్ ఫైళ్లు పాతదాంట్లోనే ఉండిపోవచ్చు. రెండేళ్లకు ఆ పాత డిస్క్ చచ్చిపోతే, నిక్షేపంలా ఉన్న ఎస్‌ఎస్‌డీ కూడా లేవదు. ఈ తిరకాసు తెలియక ఎస్‌ఎస్‌డీయే పోయిందనుకునే వాళ్లు ఉంటారు.

రెండోది ఖాళీ కొత్త డిస్క్ అయితే కంగారు మరో రకం. బిగించారు, ఆన్ చేశారు, ఎక్కడా కనిపించదు! స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ కొట్టి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే అక్కడ నల్లగీతతో ఉంటుంది. దాన్ని ఇనిషియలైజ్ చేసి (2 టీబీ దాటితే జీపీటీయే ఎంచుకోవాలి), ఫార్మాట్ చేస్తే అప్పుడొక అక్షరం దక్కుతుంది. ఫొటోలున్న పాత డిస్క్‌ను కూడా ఇనిషియలైజ్ చేయాలా అని అడిగితే మాత్రం ఓకే నొక్కకూడదు, డిస్క్‌కు ఏదో జబ్బు చేసి ఉండొచ్చు. ఇక 1 టీబీ కొంటే 931 జీబీయే చూపిస్తోందని షాపువాడితో తగువు పడక్కర్లేదు. తయారీదారు వెయ్యితో లెక్కిస్తాడు, విండోస్ 1024తో లెక్కిస్తుంది.

రెండు డిస్క్‌లలోనూ ఒకే సరుకు ఉంచే ‘రెయిడ్ 1’ పద్ధతీ ఉంది. బర్కిలీ పరిశోధకులు ప్యాటర్సన్, గిబ్సన్, కట్జ్ 1988 నాటి పత్రంలో వివరించిన రకాల్లో ఇదొకటి. ఒక డిస్క్ పోయినా రెండోది నిలబెడుతుంది. అయితే ఇక్కడ చెరిపిన ఫొటో అక్కడా చెరిగిపోతుంది. రాన్సమ్‌వేర్ దూరితే రెండింటికీ తాళం వేస్తుంది. పిడుగుపాటుకు ఎస్‌ఎంపీఎస్ కాలితే, దాన్నుంచే కరెంటు తాగుతున్న రెండు డిస్క్‌లూ పోవచ్చు.

అప్పుడు కాపాడేది వేరే చోట ఉన్న కాపీయే. 1998లో యానిమేషన్ స్టూడియో పిక్సార్‌కు అది అనుభవమైంది. ‘టాయ్ స్టోరీ 2’ తయారవుతుండగా ఎవరో పొరపాటున ఇచ్చిన కమాండ్‌తో ఫైళ్లు వరుసగా మాయమయ్యాయి. బ్యాకప్ సరిగా పనిచేయడం లేదన్న సంగతి అప్పుడుగానీ బయటపడలేదు. టెక్నికల్ డైరెక్టర్ గాలిన్ సస్మన్ చంటిబిడ్డతో ఇంటినుంచి పనిచేస్తూ, సినిమా కాపీని తన కంప్యూటర్‌లో ఉంచుకున్నారు. ఆ కంప్యూటర్‌ను దుప్పట్లలో చుట్టి, కారు వెనక సీట్లో పడుకోబెట్టి, బెల్టు బిగించి స్టూడియోకు తీసుకెళ్లారు.