హార్బరు హోరులో శ్రుతి

విశాఖపట్నము ఫిషింగ్ హార్బరు నిశ్శబ్దమునకు దూరము. తెల్లవారక మునుపే బోట్లు జెట్టీకి చేరుచుండును. డీజిలు ఇంజన్ల దడదడ, మంచుదిమ్మలను పిండిచేయు యంత్రముల కరకర, లారీల హారనులు, గంపలు దింపువారి కేకలు, వీటన్నిటిమీదను వేలముపాట. సరకు నమ్ము ఆ కేకకు గూడ తెలుగువారు ‘పాట’ యనియే పేరిడిరి. సంగీత కచేరికిని చేపల బేరమునకును ఒకే మాట చాలుననుకొన్న భాష మనది.

ఇట్టి హోరునడుమ వల బాగుచేసికొను యువకుని చెవిలోనో, బోటు కడుగు కళాసీ చెవిలోనో ఇయర్‌ఫోను కనబడుట నేడు వింత గాదు. కొందరికది ఫోనులో మాటాడు సాధనము మాత్రమే. మరికొందరికి పాటయే ప్రధానము. విన్న పాటనే మరింత బాగుగ వినవలెనను కోరిక ఒకమారు పుట్టినచో అది అంతటితో ఆగదు. ఒక హెడ్‌ఫోను కొందురు, దానికన్న మేలైనది కలదని తెలియును, అదియు కొందురు. లోకమంతట వ్యాపించిన ఈ అభిరుచి గలవారిని ఆడియోఫైలులందురు, తెలుగున నాదప్రియులనవచ్చును. పెద్దలు వ్యసనములు ఏడని లెక్కగట్టిరి గాని, దీనిని ఎనిమిదవదిగ చేర్చుటకు వారి యింటివారికి అభ్యంతర ముండదు. అయినను ఈ వ్యసనము నేర్పు విద్య యొకటి కలదు. అది పరికరములను గూర్చినది గాక చెవిని గూర్చినదగుట విశేషము.

హెడ్‌ఫోను పుట్టుకకును సముద్రమునకును సంబంధము కలదు. అమెరికాలోని యూటా రాష్ట్రమున నతానియెల్ బాల్డ్విన్ తన వంటయింట చేతితో చేసిన హెడ్‌ఫోనులను 1910 ప్రాంతమున కొన్నది ఆ దేశపు నౌకాదళము. అది పాటకొరకు గాదు, తీగలేని తంతివార్తల కొరకు. సంగీతము తరువాత వచ్చిన చుట్టము. 1958లో జాన్ కాస్ మిల్వాకీ నగరమున స్టీరియో హెడ్‌ఫోనును చూపెను. 1968లో జర్మనీలోని సెన్‌హైజర్ సంస్థ, వెనుకభాగము మూయక గాలియాడ విడిచిన హెచ్.డి. 414ను తెచ్చినది. 1979లో సోనీ వారి వాక్‌మన్ పాటను వీధిలోనికి నడిపించినది.

హార్బరునకు అనతిదూరమున, రామకృష్ణా బీచిలో, 2002 నుండి ప్రదర్శనశాలగ నున్న కుర్‌సురా జలాంతర్గామిని విద్యార్థులు పెక్కుమంది చూచియే యుందురు. 1969 నుండి 2001 వరకు నౌకాదళమున పనిచేసిన ఆ నౌకకు లోతున మునిగిన పిదప కన్నులు లేవు, చెవులే దిక్కు. సోనారు గదిలో హెడ్‌ఫోను ధరించి కూర్చున్న నావికుడు దూరపు ఓడ ప్రొపెల్లరు చప్పుడును నీటిహోరునుండి విడదీసి పట్టవలెను. నీటిలో ధ్వనులకు కొదువ లేదు. హార్బరు వేలములలో పేరుమోసిన కచిడి చేప, గాలితిత్తిని కండరములతో అదరించి శబ్దము చేయు చేపల కుటుంబమునకు చెందినది. ఆ తిత్తికొరకే అది లక్షరూపాయలు దాటి ధర పలికిన సందర్భములు కలవు. పలుకు సాధనమే దాని ప్రాణము మీదికి తెచ్చినది. ఇన్నిటి నడుమ తనకు కావలసిన ఒక్క ధ్వనిని ఏరుకొను నావికుని పనిని ‘వినుట’ అన్న చాలదు. ‘ఆలకించుట’ అనవలెను.

నాదప్రియునకు ఈ భేదము తెలియు తొలి ఘట్టము మధురమైనది. చిరకాలము చిన్న స్పీకరులో విన్న పాటనే మంచి హెడ్‌ఫోనులో విన్నచో అంతవరకు లేనివేవో వినబడును: చరణమునకు ముందు గాయకుడు పీల్చిన ఊపిరి, వెనుక సన్నగా సాగు తంబుర, తబలాపై వ్రేలు జారిన చప్పుడు. అవి కొత్తగా వచ్చినవి గావు, పాట ముద్రించిననాటినుండి అందున్నవే. ద్వారం వెంకటస్వామి నాయుడుగారి (1893-1964) పాత రికార్డులిందుకు మంచి నిదర్శనము. చూపు మందగించినను విజయనగరము మహారాజావారి సంగీత కళాశాలలో ఆచార్యులై, 1936లో దానికి అధ్యక్షులై, దక్షిణదేశమంతటిని మెప్పించిన ఆ ఫిడేలు విద్వాంసుని పేర విశాఖలో కళాక్షేత్రము కలదు. నిమిషమునకు 78 చుట్లు తిరుగు నాటి రికార్డు ఒక్కొక ప్రక్క మూడు, మూడున్నర నిమిషములకు మించి పలుకదు. రాగముయొక్క నిండుదనమును ఆ కాస్త వ్యవధిలో ఇమిడ్చవలెను. వేయిరూపాయల ఇయర్‌ఫోనులో విన్నను కమాను తిరుగుచోటు, స్వరమునుండి స్వరమునకు వ్రేలు జారు తీరు తెలిసిపోవును. లక్షరూపాయల హెడ్‌ఫోనులో విన్నచో వీనితోపాటు ముల్లు గీచిన గరగర మరింత స్పష్టముగ తెలియును!

అభిరుచి దారితప్పుట సాధారణముగ ఈ మలుపులోనే. పాట వినుటకు పరికరము కొన్నవాడు క్రమముగ పరికరమును వినుటకు పాట పెట్టుకొనును. తీగ మార్చును, యాంప్లిఫయరు చేర్చును, ఒక పాటలోని పది క్షణములనే నూరుమార్లు తిప్పి వినును, మిగిలిన పాట ఏమైనదో అతనికి పట్టదు. ఈ పరుగును పరీక్షించినవారు లేకపోలేదు. 2007లో ప్రకటితమైన బోస్టన్ పరీక్షలో, సి.డి.కి మించిన సూక్ష్మతతో ముద్రించిన సంగీతమును, దానినే సి.డి. స్థాయికి దించినదానిని, ఏది యేదో చెప్పక వినిపించిరి. 554 ప్రయత్నములలో సరియైన జవాబులు 276. బొమ్మా బొరుసా వేసినను అంతే వచ్చును. 2017లో జెరోన్ బ్రేబార్ట్ 283 హెడ్‌ఫోనులను పరిశీలించి, మంద్రమునుండి తారమువరకు అవి ధ్వనిని పలుకు తీరునకును వాని వెలకును పొంతన కనబడలేదని వెల్లడించెను. అధికమైన వెలకు మెత్తని దిండ్లు, గట్టి కట్టడము, తేలికదనము లభింపవచ్చును. స్వరశుద్ధి మాత్రము వెలనుబట్టి రాదు.

మరి, వింటిమని ప్రమాణముచేసి చెప్పువారు అబద్ధమాడుచున్నారా? కాదు. వారు నిజముగనే భేదము విన్నారు. దాని కారణమే వేరు. రెండు పరికరములలో ఒకటి ఇంచుక బిగ్గరగ పలికినను చెవి దానికే పట్టముగట్టును. ధ్వని తగ్గినపుడు మంద్రస్వరములు చెవికి మిగిలినవానికన్న ఎక్కువగ సన్నగిల్లునని 1933లోనే ఫ్లెచర్, మన్సన్ అను శాస్త్రజ్ఞులు కొలిచి చూపిరి. కావుననే బిగ్గరదనము నిండుదనముగ భ్రమగొల్పును. రెండింటి ధ్వనిని సమముచేసి విన్నపుడు ఎన్నియో అద్భుతములు అదృశ్యమగును.

చెవిరంధ్రము పొడవు సుమారు 2.5 సెంటీమీటర్లు. పిల్లనగ్రోవివలె అదియు తనకనువైన స్వరమునకు ప్రతిధ్వనించును. ఆ స్వరము సెకనుకు 3000 కంపనముల ప్రాంతమున నుండును. చెవిదొప్ప మడతలు ఏ యిద్దరికిని ఒక్కటిగ నుండవు. ఒకరు మెచ్చిన హెడ్‌ఫోను మరియొకరికి కీచుమనుట ఇందువలననే. ఇయర్‌ఫోను కొననుండు రబ్బరు తొడుగు రంధ్రమున సరిగ కుదురనిచో మంద్రస్వరములు సందులగుండ జారిపోవును. నూరురూపాయల తొడుగు మార్చి బాగుచేయదగినదానిని పదివేలు పెట్టి క్రొత్త ఇయర్‌ఫోనుతో బాగుచేయ జూచినవారు ఈ రంగమున కొల్లలు. శ్రుతి యను సంస్కృతపదమునకు వేదమనియు, చెవి యనియు, స్వరస్థానమనియు అర్థములు కలవు. చెవిని, స్వరమును ఒకే పేరున పిలిచిన పూర్వులకు ఈ సంగతి కొంత తెలిసియుండునా యనిపించును.

ఇక చోటుమాట. నాదప్రియులు ఎక్కువగ మెచ్చుకొను తెరచిన హెడ్‌ఫోను ఫిషింగ్ హార్బరులో కొరగానిది. లోని పాట వెలికిని, వెలిహోరు లోనికిని రాకపోకలు సాగించును. అచ్చట చెవిని మూయు ఇయర్‌ఫోనులో పాటను మెల్లగ విన్నను తెలియును. కాని విన్చి తిరుగుచోట, లారీ వెనుకకు వచ్చుచోట చెవులు మూసికొన్నవానికి ప్రమాదము తప్పదు. అందరివద్దనుండు చౌకరకము చెవిని గట్టిగ మూయదు. ఇంజను హోరును గెలుచుటకు కుర్రవాడు ధ్వని పెంచును. హోరు 90 డెసిబెళ్ళు దాటినచో పాట అంతకును మించవలెను. దినమునకు ఎనిమిది గంటలపాటు 85 డెసిబెళ్ళ ధ్వనిని మించరాదని, ఆపై ప్రతి మూడు డెసిబెళ్ళకును వ్యవధి సగము చేయవలెనని నిపుణులు సూచించిరి. ఆ లెక్కన 100 డెసిబెళ్ళ వద్ద పావుగంటతో ఆనాటి వంతు తీరును. బోటు సముద్రమున పది పదిహేను దినములుండును.

లోచెవిలో ధ్వనిని గ్రహించు రోమకణములు ఒక్కొక చెవిలో పదునైదువేల ప్రాంతమున నుండును. కోడిపిల్లకు అవి చెడినను మరల మొలచును. మనుష్యునకు మొలవవు. హోరువలన మొదట చెడునవి 4000 కంపనముల ప్రాంతపు ధ్వనులను అందుకొనునవి. తెలుగువారు దీనిని విశేషముగ గమనింపవలెను. అచ్చుల బలము మంద్రస్థాయిలోను, స, శ, త, క మొదలగు పరుషమైన హల్లుల స్ఫుటత్వము పైస్థాయిలోను ఉండును. పైస్థాయి పోయినను అచ్చులు నిలుచును. అజంతమైన మన భాషలో మాట మాటకును అచ్చు వినబడుచునే యుండును గాన, తనకు చెవుడు వచ్చినదని మనిషికి తోచదు. తాకు, పాకు, సాకు – మూడును అతనికి ‘ఆకు’గ వినబడును. "మాటినబడతంది గానీ తెలవట్నేదు బాబూ" యని ఏండ్లతరబడి ఇంజనువద్ద పనిచేసిన వృద్ధుడనుట ఇందువలననే. బిగ్గరగ చెప్పినంతమాత్రమున అతనికి తెలియదు. బిగ్గరగ వినబడునది మరల అచ్చే.

ఉక్తలేఖనమున ‘తాకు’నకు ‘పాకు’ వ్రాసిన విద్యార్థి పెడచెవిని పెట్టెనని ఉపాధ్యాయుడు కోపించుట సహజము. ఆ బాలుడు రాత్రి ఎంతసేపు, ఎంత ధ్వనిలో పాట వినెనో అడిగినవారరుదు. 12 నుండి 35 ఏండ్లలోపువారిలో నూరుకోట్లకు పైబడినవారు పెద్ద ధ్వనిలో పాటలు, ఆటలు వినుటవలన వినికిడి కోల్పోవు ప్రమాదములో నున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారమునకు 40 గంటలు, 80 డెసిబెళ్ళు – ఇది ఆ సంస్థ పెద్దలకు చెప్పిన హద్దు. ఏండ్లతరబడి ఈ అభిరుచిలో మునిగి తేలినవారిలో పలువురు చివరకు చేయునదియు అదియే: ధ్వని తగ్గింతురు. తగ్గించిన కొలది పాటలోనికి చెవియే కొంత దూరము నడచి వెళ్ళవలెను.

ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు తూర్పుతీరమున మరబోట్ల చేపలవేట నిషేధము. అప్పుడు హార్బరులో బోట్లు వరుసగ కట్టివేయబడి, ఇంజన్లు మరమ్మతుకు విప్పబడియుండును. బేరింగు అరుగుదలను కనుగొనుటకు మెకానిక్కు ఇనుపకడ్డీ ఒక కొనను ఇంజనుపైనను, రెండవ కొనను చెవికడనున్న యెముకపైనను ఆనించి, కన్నులు మూసికొనును. చెవిలో ఇయర్‌ఫోనున్నచో మొదట దానిని తీసి జేబులో వేసికొనును.