నాలుగు చక్రాలూ లాగినా.. ఆపేది టైరే!

చలికాలం వస్తోందంటే హెర్న్‌డన్, స్టెర్లింగ్, యాష్‌బర్న్, షాంటిలీ ప్రాంతాల్లోని మనవాళ్ల కబుర్లలో వీసాలు, ప్రాజెక్టులతో పాటు కార్ల సంగతీ చేరుతుంది. డల్లెస్ విమానాశ్రయం చుట్టుపక్కల ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగువారిలో చాలామంది మొదట ఓ పాత క్యామ్రీయో, కరోలానో కొంటారు. కాస్త కుదురుకోగానే మనసు స్పోర్టీ కార్ల మీదికి మళ్లుతుంది. సుబారు డబ్ల్యుఆర్‌ఎక్స్, ఆడి క్వాట్రో, బీఎండబ్ల్యు ఎక్స్‌డ్రైవ్.. ఇలా పరుగుకు పరుగు, పైగా ఆల్ వీల్ డ్రైవ్. ‘‘నాలుగు చక్రాలూ లాగే బండి, మంచు పడితే మనకేం భయం?’’ అన్న ధీమా వచ్చేస్తుంది. చిక్కంతా ఆ ధీమాతోనే.

లాగడం వేరు.. ఆగడం వేరు

ఆల్ వీల్ డ్రైవ్ చేసే పని ఒక్కటే. ఇంజిన్ శక్తిని రెండు చక్రాలకు బదులు నాలుగింటికీ పంచుతుంది. అందువల్ల మంచులో బండి చక్కగా కదులుతుంది, ఎత్తు ఎక్కుతుంది. కానీ బ్రేకులు ప్రతి కారుకూ నాలుగు చక్రాలకే ఉంటాయి. ఆపే విషయంలో ఈ బండికి అదనంగా ఒరిగేదేమీ లేదు. రూట్ 28 మీద ముందు కారు ఠక్కున ఆగినా, ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ పార్క్‌వే నుంచి దిగే వంపులో బండి జారినా కాపాడాల్సింది టైరు పట్టే. ఒక్కో టైరు రోడ్డును తాకే చోటు సుమారు మన అరచేయంత. ఆ నాలుగు అరచేతుల మీదే కారూ, అందులోని మన కుటుంబమూ ఆధారపడి ఉంటాయి. పైగా ఈ బండి సులువుగా కదిలేస్తుంది కాబట్టి రోడ్డు ఎంత జారుడుగా ఉందో బ్రేకు తొక్కేదాకా తెలియదు.

కంపెనీ ఇచ్చినవి ఏ టైర్లో చూశారా?

మన ఊళ్లో టైరు కొనాలంటే ఎంఆర్‌ఎఫ్, అపోలో, సియట్ అని కంపెనీ పేరు చెబితే సరిపోతుంది. ఎండైనా వానైనా అదే టైరు. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో అపోలో కట్టిన ఫ్యాక్టరీ నుంచి 2020లో మొదటి టైరు బయటికొచ్చింది. అక్కడ తయారయ్యే టైరుకు మంచుతో పని తక్కువే. ఇక్కడ అలా కాదు. వేసవి టైరు, ఆల్ సీజన్ టైరు, చలికాలపు టైరు అని రకాలున్నాయి.

స్పోర్టీ కార్లలో చాలావాటికి కంపెనీ వాళ్లే వేసవి టైర్లు బిగించి ఇస్తారు. 2015 మోడల్ నుంచి డబ్ల్యుఆర్‌ఎక్స్ అలా వచ్చిందే. వేసవి టైరు పొడి రోడ్డు మీదా, వానలోనూ గట్టిగా పట్టుకుంటుంది. కానీ చలి 40 డిగ్రీల ఫారెన్‌హీట్ దరిదాపులకు దిగేసరికి దాని రబ్బరు గట్టిపడి పట్టు తగ్గిపోతుంది. మంచు పడనవసరం లేదు, చలి చాలు. గడ్డకట్టే చలిలో ఈ టైర్ల మీద బండి కదిపితే రబ్బరు పగుళ్లు ఇచ్చే ప్రమాదం ఉందని తయారీదార్లే హెచ్చరిస్తారు. సెప్టెంబరులో కారు కొని మురిసిపోయినవాళ్లు డిసెంబరులోగా ఈ సంగతి తెలుసుకోవాలి.

మన దగ్గర మంచు ఎంత?

ఉత్తర వర్జీనియా అటు బఫెలో కాదు, ఇటు డాలస్ కాదు. ఒక్కో ఏడు మంచు కనబడకుండానే పోతుంది. పడితే మాత్రం మామూలుగా పడదు. 2010 ఫిబ్రవరి తుపానులో డల్లెస్‌లో 32.4 అంగుళాలు, 2016 జనవరిలో 29.3 అంగుళాలు కురిసింది. అంత పడితే అందరూ ఇళ్లలోనే ఉండిపోతారు. అసలు బాధ కొద్దిపాటి మంచుతోనే. 2016లో ఆ పెద్ద తుపానుకు రెండు రోజుల ముందు, జనవరి 20 సాయంత్రం, ఓ అంగుళం మంచుకే వాషింగ్టన్ పరిసరాల రోడ్లన్నీ అద్దంలా మారి జనం గంటల తరబడి కార్లలోనే ఉండిపోయారు. 2022 జనవరి 3న కురిసిన మంచుకు ఫ్రెడరిక్స్‌బర్గ్ దగ్గర ఐ-95 మీద వందలాది బండ్లు రాత్రంతా నిలిచిపోయాయి. వర్జీనియా సెనేటర్ టిమ్ కెయిన్ అంతటివారే 27 గంటలు కారులో చిక్కుకున్నారు.

అంటే ఏడాదిలో ఎక్కువ రోజులు పొడి రోడ్డు లేదా వాన, కొన్ని రోజులు చలి, ఏవో నాలుగైదు రోజులు మంచు. ఇలాంటి చోట ఆల్ సీజన్ టైరు సరైన ఎంపికే. వేసవికి ఒక సెట్టు, చలికాలానికి ఒక సెట్టు ఉంచుకుంటే అన్నిటికన్నా మేలు. కానీ అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్లు నాలుగు చక్రాలు ఎక్కడ దాచుకుంటారు? బాల్కనీలో పెడదామంటే లీజింగ్ ఆఫీసు వాళ్లు ఒప్పుకోకపోవచ్చు.

టైరు మీది రాతలు చదవండి

టైరు పక్కన 225/45ఆర్17 91డబ్ల్యు అని ఉందనుకోండి. 225 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో 45 శాతం పక్కగోడ ఎత్తు, 17 అంగుళాల చక్రం. 91 అంటే ఒక్కో టైరు 615 కిలోల బరువు మోయగలదని. డబ్ల్యు అంటే గంటకు 168 మైళ్ల వేగం దాకా తట్టుకుంటుందని. హెచ్ అయితే 130, వి అయితే 149 మైళ్లు. అంత వేగం మనకెందుకు అనుకోకండి. స్పోర్టీ కారుకు ఈ రేటింగ్ తగ్గిస్తే వంపుల్లో బండి నడక మారిపోవచ్చు. డ్రైవరు తలుపు దగ్గర అంటించిన కాగితంలోని సైజుకే కట్టుబడటం మంచిది.

‘ఎం+ఎస్’ అంటే బురద, మంచు అని. ఇది టైరు గాళ్ల ఆకారాన్ని బట్టి వేసే గుర్తు. మంచులో పరీక్షించి ఇచ్చింది కాదు. మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచు రేకు ఉన్న బొమ్మ కనిపిస్తే మాత్రం ఆ టైరును గట్టి మంచు మీద పరీక్షించారని అర్థం. అయితే ఆ పరీక్ష చూసేది బండి ముందుకు కదిలే పట్టునే. గాజులాంటి ఐసు మీద ఆగుతుందని అది హామీ ఇవ్వదు.

‘డాట్’ అన్న అక్షరాల వరుస చివర నాలుగంకెలు చూడండి. 3523 అంటే 2023లో 35వ వారం తయారైందని. డిస్కౌంటులో ఇస్తున్నారని మూడేళ్లు గోడౌన్‌లో పడి ఉన్న టైరు కొనకండి.

నాలుగూ ఒక్కసారే

ఆల్ వీల్ డ్రైవ్ కారులో ఒక టైరు మేకు దిగి పాడైతే ఒక్కటే మార్చుకుని సరిపెట్టుకుందాం అనుకుంటాం. ఇక్కడే జేబుకు చిల్లు. నాలుగు టైర్ల చుట్టుకొలతల్లో తేడా పావు అంగుళం దాటకూడదని సుబారు చెబుతుంది. ట్రెడ్ లోతులో అంగుళంలో 32వ వంతు తేడా వస్తే చుట్టుకొలతలో దాదాపు అంగుళంలో ఐదో వంతు తేడా వస్తుంది. అంటే మిగతా మూడూ 6/32 లోతుకు అరిగి, కొత్తది 10/32తో వస్తే తేడా ముప్పావు అంగుళం దాటినట్టే. మైలుకు దాదాపు ఎనిమిది చుట్లు తేడాగా తిరుగుతాయి. ఆ తేడాను మధ్యనున్న డిఫరెన్షియల్ నిమిషం విశ్రాంతి లేకుండా భరించాలి. అది వేడెక్కి పాడైతే టైర్ల ఖర్చు దాని ముందు చిల్లరే. అందుకే నాలుగూ ఒకే రకం, ఒకే అరుగుదల ఉండాలి. తప్పనిసరైతే కొత్త టైరును పాతవాటి లోతుకు చెక్కి ఇచ్చే టైర్ ర్యాక్ లాంటి అమ్మకందార్లు ఉన్నారు.

ఇండియా తిరిగి వెళ్లిపోతూ మిత్రులెవరైనా హడావుడిగా కారు అమ్ముతున్నారంటే ఇంజిన్‌తో పాటు నాలుగు టైర్ల పేర్లూ కూడా చదవండి. రెండు ఒక కంపెనీవి, రెండు మరో కంపెనీవి కనిపిస్తే బేరంలో ఆ సంగతి గుర్తుపెట్టుకోండి.

ఏది కొనాలి?

స్పోర్టీ కార్లకు ‘అల్ట్రా హై పెర్ఫార్మెన్స్ ఆల్ సీజన్’ అని వేరే తరగతి ఉంది. 2020లో వచ్చిన మిషెలిన్ పైలట్ స్పోర్ట్ ఆల్ సీజన్ 4కు కంపెనీ 45 వేల మైళ్ల వారంటీ ప్రకటించింది. కాంటినెంటల్ ఎక్స్‌ట్రీమ్ కాంటాక్ట్ డీడబ్ల్యుఎస్ 06 ప్లస్‌కు 50 వేలు. ఈ రెండో టైరులో ఓ చక్కటి ఏర్పాటుంది. ట్రెడ్ మీద డి, డబ్ల్యు, ఎస్ అక్షరాలుంటాయి. ఎస్ అరిగిపోతే ఇక మంచుకు పనికిరాదని, డబ్ల్యు కూడా పోతే వానకూ పనికిరాదని. ఏ పరికరమూ అక్కర్లేదు, చూసి తెలుసుకోవచ్చు.

తెల్లవారుజామునే డ్యూటీకి వెళ్లాల్సిన నర్సులు, విమానాశ్రయంలో పనిచేసేవారు, మంచు పడినా ఇంటి నుంచి పనిచేసే వీలు లేనివారు మూడు శిఖరాల గుర్తున్న మిషెలిన్ క్రాస్ క్లైమేట్ 2 లాంటివి చూడొచ్చు. మంచులో పట్టు ఎక్కువ. వేసవిలో వంపు తిరిగేటప్పుడు ఆ స్పోర్టీ చురుకు కాస్త తగ్గొచ్చు. వారంటీ ఎంతైనా రొటేషన్ రసీదులు దాచుకుంటేనే అది పనికొస్తుంది. ఆల్ వీల్ డ్రైవ్ కారుకు ఆరువేల మైళ్లకోసారి టైర్లు తారుమారు చేయించడం తప్పనిసరి అనుకోండి.

ధర అడిగేటప్పుడు బిగింపు, బ్యాలెన్సింగ్, పాత టైర్ల పారవేత అన్నీ కలిపి ఎంతో చెప్పమనండి. నాలుగూ కలిపితే వెయ్యి డాలర్ల దరిదాపులకు పోవడం మామూలే. ముందే తెలిస్తే నెలనెలా కొంత పక్కన పెట్టుకోవచ్చు.

ఇన్‌స్పెక్షన్, గాలి

వర్జీనియాలో ఏటా సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఉంటుంది. ట్రెడ్ 2/32 అంగుళం కన్నా తక్కువైతే ఫెయిల్. పెన్నీ నాణేన్ని తలకిందులుగా గాడిలో పెడితే లింకన్ నడినెత్తి కనబడిందంటే ఆ టైరు గుండు అయిపోయినట్టే. కానీ పాసైనంత మాత్రాన భద్రమని కాదు. క్వార్టరు పెట్టినప్పుడు వాషింగ్టన్ నడినెత్తి కనబడితే 4/32 కన్నా తగ్గినట్టు. వానకు అదే హద్దు. మంచుకు 5/32, 6/32 దాకా ఉండటం మంచిది.

ఇక గాలి. చలి పది డిగ్రీల ఫారెన్‌హీట్ పెరిగితే టైరులో సుమారు ఒక పీఎస్‌ఐ తగ్గుతుంది. 80 డిగ్రీలప్పుడు 33 కొట్టించిన టైరు 20 డిగ్రీల ఉదయాన 27కి దిగుతుంది. డాష్‌బోర్డు మీద లైటు సాధారణంగా పావు వంతు తగ్గితే గానీ వెలగదు, అంటే 25 దగ్గరికి వచ్చాకే. ఫైర్‌స్టోన్ టైర్ల ప్రమాదాల తర్వాత 2000లో చేసిన చట్టం పుణ్యమా అని ఆ లైటు వచ్చింది. అయినా లైటు వెలగలేదు కదా అని ఊరుకోకండి. నెలకోసారి, బండి నడపకముందే గాలి చూడండి.

ఏ టైరు వేసినా ఐసు మీద అద్భుతాలు జరగవు. ఆఫీసు వాళ్లు ఇంటి నుంచి పనిచేయమంటే హాయిగా చేసుకోండి. తప్పక బయల్దేరాల్సి వస్తే ముందు బండికి మామూలుకన్నా రెండు మూడింతలు ఎడం ఉంచండి. మంచు కబురు టీవీలో వచ్చాక టైర్ల షాపుల దగ్గర క్యూలు చాంతాడంత అవుతాయి. దీపావళి ఫలహారాలు అయిపోయేలోగా టైర్ల సంగతి తేల్చేసుకోండి.