వానకాలపు కొర్రమీను: ఇంటి హౌజులో, సేద్యపు కుంటలో

మృగశిర కార్తె ప్రవేశించి రెండు మంచి వానలు పడగానే, మన కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతములలో మత్తడుల క్రింద, వాగు మలుపులలో, కొత్తగా నీరెక్కిన మడులలో చేపలు ఎదురెక్కుట మీరెరిగినదే. ఆ దినములలో పట్టిన చేపలలో కొన్ని కూరకు పోగా, మిగిలినవానిని పిల్లలు గోలెములో వేసి ఆడుకొందురు. పెద్దలు హౌజులోనో, పొలములోని సేద్యపు కుంటలోనో విడుతురు. పది దినములు గడచునప్పటికి వానిలో సగము పైకి తేలును. వాగు చేప ఇంట బ్రతుకదని సరిపెట్టుకొందురు. ఈ మాట నిజము కాదు. అవి చచ్చుటకు కారణములు చాలవరకు మన చేతిలోనివే. ఈ రచయిత పైరుల సాగు బోధించువాడే గాని మత్స్యశాస్త్రవేత్త కాడు. అయినను నీటిని, మట్టిని గూర్చిన సంగతులు పైరునకును చేపకును పెద్దగా వేరు కావు.

ముందుగా, పట్టిన చేప ఏ జాతిదో గుర్తింపవలెను. ఊపిరి విషయములో ఇవి రెండు తెగలు. పరిగెలు, జెల్లలు, బొచ్చె, రోహు మొదలగునవి నీటిలో కరగిన ప్రాణవాయువును మొప్పలతో పీల్చును. కొర్రమీను, మట్టగిడస, మార్పు, ఇంగిలాయి అనువానికి మొప్పలతోపాటు గాలిని నేరుగా మ్రింగి వాడుకొను ఏర్పాటు కూడ గలదు. అందుచేతనే కొర్రమీను తడి గోనెలో గంటలకొలది బ్రతికియుండును; సంతలో ప్రాణముతో అమ్ముటకు వీలగును; బొచ్చె, రోహులకన్న హెచ్చు ధర పలుకును. తెలంగాణ రాష్ట్రపు చేపగా ఎంచుకొనినది దీనినే.

అయితే గాలి మ్రింగుటకు కొర్రమీను కొద్ది నిమిషములకొకసారి నీటిపైకి రావలెను. రానీయకున్న, నీరెంత శుభ్రమైనదైనను ఊపిరాడక చచ్చును. చేప నీట మునిగి చచ్చుట వినుటకు వింతగా నుండును గాని నేను కన్నులార చూచితిని. కొన్ని సంవత్సరముల క్రిందట మా ఇంటి హౌజులో ఆరు కొర్రమీనులను వేసితిమి. అవి ఎగిరి దూకునని తెలిసి, హౌజును అంచుదాక నింపి, పైన రేకు కప్పి, రేకుపై రాళ్లు పెట్టితిని. తెల్లవారునప్పటికి ఆరును చచ్చియున్నవి. నీటిలో ఏదో విషము కలిసినదని ఇంటిల్లిపాది అనుమానించి హౌజంతయు పారబోసితిమి. తప్పు నాది: నీటికిని రేకునకును నడుమ ఖాళీ విడువకపోతిని. నీరు అంచునకు జానెడు క్రిందనే నిలిపి, పైన వల బిగింపుడు. కప్పు బొత్తిగా లేకున్న మొదటి రాత్రియే దూకిపోవును.

పరిగెలకు ఈ చిక్కు లేదు గాని తెచ్చునప్పుడు జాగ్రత్త వలయును. చల్లని వేళ, పట్టిన చోటి నీటిలోనే, కడవకు సగము మించకుండ తేవలెను. ఇంటికి రాగానే హౌజులో గుమ్మరింపరాదు. కడవను హౌజు నీటిలో పావుగంట నిలిపి, తరువాత హౌజు నీటిని చెంబుతో కొంచెము కొంచెముగా కడవలో కలుపుచు, అరగంటకు చేపలను విడువవలెను. బోరు నీటిలో ప్రాణవాయువు చాల తక్కువ. ఎత్తునుండి ధారగా పోసి ఒక దినము నిలువ ఉంచవలెను. నల్లా నీటిలోని క్లోరిన్ పోవుటకు ఒకటి రెండు దినములు మూత లేకుండ ఉంచవలెను.

ఇంత చేసినను వారము దాటిన పిదప చేపలు తేలుట గలదు. దీనికి కారణము అమ్మోనియా. చేపల మలమునుండి, మిగిలిన మేతనుండి ఇది పుట్టును. చెరువులోని రాళ్లను, బురదను అంటియుండు సూక్ష్మజీవులు దీనిని అంతగా హాని చేయని నైట్రేటుగా మార్చును. మీరు చేనిలో వేసిన యూరియా నైట్రేటుగా మారునదియు ఇట్టి సూక్ష్మజీవుల వలననే. కొత్త హౌజులో, గాజు తొట్టిలో అవి వృద్ధియగుటకు నాలుగైదు వారములు పట్టును. కనుక మొదటి మాసము చేపలు కొద్దిగా, మేత ఇంకను కొద్దిగా ఉండవలెను. వారమునకు రెండుసార్లు నాలుగవ వంతు నీరు మార్చవలెను. గోడలనంటిన పాచిని తోమి తళతళలాడించుట వద్దు. పరిగెలు ఆ పాచిని, తవుడును, మెత్తని పల్లిచెక్కను తినును. దోమల పిల్లపురుగులను కూడ తినును గనుక డెంగీ దినములలో హౌజులో నాలుగు పరిగెలుండుట మేలు. దీనికై అమెరికా జాతి గంబూసియాను తేనక్కరలేదు; అది వాగులోనికి చేరినచో మన చిన్న చేపల గుడ్లను, పిల్లలను తినివేయును.

ఇక కొర్రమీను పిల్లల సంగతి. దీనిని గూర్చియే నాకు బెంగ. వానకాలమున చెరువు అంచున గడ్డి నడుమ కొర్రమీను గుడ్లు పెట్టును. అవి నీటిపై తేలుచు, ఒకటి ఒకటిన్నర దినములో పొదుగును. పిల్లలు మిరపకారము చల్లినట్లు ఎర్రగా గుంపుగట్టి తిరుగును. వానిక్రింద తల్లిదండ్రులు ఇంచుమించు ఒక మాసము కావలి కాయును. దగ్గరకు వచ్చినదానినెల్ల ఎదుర్కొనును. గుంపు కనబడగానే ఆ కావలి చేపను గాలముతోనో ఈటెతోనో తీయుట మనలో చాలమందికి అలవాటు. గాలమును అదే వచ్చి కరచును గదా! ఆ కావలి పోయిన పిదప జెల్లలు, కొంగలు, నీరుపాములు పిల్లలను తినివేయును. ఒక పూట కూరకై వేలకొలది పిల్లలు పోవుచున్నవి. మీ చెరువులో కొర్రమీను ఎందుకు తగ్గినదని అడుగువారు ఈ సంగతి కూడ ఆలోచింపవలెను.

పెంచదలచినవారు కావలి చేపను ముట్టక, అంగుళమంత ఎదిగిన పిల్లలను పలుచని గుడ్డవలతో కొన్ని మాత్రము తీసికొని, సగమునకు మించి అచ్చటనే విడువవలెను. చెరువు చేపలపై హక్కు మత్స్య సహకార సంఘమునకుండును. వారిని అడిగియే తీయవలెను. 2012లో పులుల అభయారణ్యముగా ప్రకటింపబడిన కవ్వాల్ అడవి వాగులలో అనుమతి లేక చేప పట్టుట నేరము.

తెచ్చిన పిల్లలను వారమునకొకసారి పరిమాణమునుబట్టి వేరుచేయవలెను. లేనిచో పెద్దది చిన్నదానిని మ్రింగును. వందలో ఎన్ని మిగులునో చెప్పలేము. మొదట నీటిపురుగులను, చిన్న చేపలను మాత్రమే తినును. తరిగిన చేప ముక్కలకు క్రమముగా అలవాటు చేయవచ్చును.

కుంట విషయములో నేలను చూడవలెను. నిర్మల్, ఆదిలాబాదు వైపు నల్లరేగడిలో నీరు నిలుచును. సిరిసిల్ల, కరీంనగరు వైపు చల్క నేలలో ఇంకిపోవును. అచ్చట అడుగున చెరువు మట్టిని జానెడు మందము పరచి, తడిపి త్రొక్కింపవలెను. చల్క కుంటకు ఎకరమునకు 100 కిలోల లెక్కన, అనగా పది గుంటలకు 25 కిలోల సున్నము చల్లవచ్చును. రేగడి నీరు స్వతహాగా క్షారగుణము గలది. పరీక్ష చేయింపక సున్నము వేయరాదు. గట్టుపై మూడడుగుల వల కట్టి, దాని అడుగుభాగమును మట్టిలో పాతుడు. కొర్రమీను వాన రాత్రి గట్టు ప్రాకి పోగలదు. పత్తి చేనుకు కొట్టు సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు చేపకు అతి విషము. మందు డబ్బాను కుంటలో కడుగుట, చేని నీటిని కుంటలోనికి మళ్లించుట రెండును మానవలెను.

1988లో ఈశాన్య రాష్ట్రములనుండి మన దేశములో ప్రవేశించిన పుండ్ల వ్యాధి కొర్రమీనును, పరిగెను ఎక్కువగా పట్టును, చలికాలమున హెచ్చును. అందుచేత బయటినుండి తెచ్చిన చేపను నేరుగా కుంటలో విడువక, లీటరు నీటికి 20 గ్రాముల ఉప్పు కలిపిన నీటిలో కొద్ది నిమిషములు ఉంచి (చేప ప్రక్కకు ఒరిగిన వెంటనే తీయవలెను), రెండు మూడు వారములు వేరు తొట్టిలో ఉంచి చూడవలెను. ఒంటిపై ఎర్ర మచ్చ గాని పుండు గాని కనబడినచో కుంటలో వేయరాదు, మత్స్యశాఖవారికి చూపుడు.

మార్పు పిల్లలని చెప్పి అమ్ముచున్నవి కొన్నిచోట్ల ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పిల్లలు. కేంద్ర ప్రభుత్వము దీని పెంపకమును నిషేధించినది. నాటు మార్పు అరకిలో దాటుట అరుదు. ఇది కిలోలకొలది పెరిగి, వరదలో కుంట తెగినచో చెరువులోని చేపలనెల్ల తినును. అట్లే గాజు తొట్టిలో విసుగుపుట్టిన అంగడి చేపలను వాగులో వదలరాదు. ఒంటినిండ గట్టి పలకలుండి, వలలను చింపుచు, జాలరులచేత దెయ్యపు చేప అనిపించుకొనుచున్నది ఇట్లు తొట్లలోనుండి చేరినదే.

మన ప్రాంతపు కుంటలు ఎండలు ముదిరిన కొలది అడుగంటును. నీరు రెండడుగులకు దిగునప్పుడే కొర్రమీనులను పట్టుడు. ఇంకను ఆగినచో అవి బురదలో దూరికొనును. పారతో త్రవ్వినగాని దొరకవు, అట్లు దొరికినవి చిక్కియుండును. అమ్మగా మిగిలినవానిలో ఆడ, మగలను రెండు జతలు హౌజులో నిలుపుకొన్న, మరుసటి మృగశిరకు కుంటలో విడువవచ్చును.